పాయింట్ ఫోర్

ఆ రోజుల్లో బాసర ట్రిపుల్ ఐటీకి వేరే ప్రవేశ పరీక్ష ఉండేది కాదు. పదో తరగతి మెమో మీదే సీటు. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అన్న అసలు పేరు మా నిజామాబాద్ పల్లెల్లో ఎవరి నోటా వినపడదు. ‘పిల్ల బాసర పోయింది’ అంటే చాలు, ఆ ఇంటికి వాడకట్టంతా వచ్చి కూర్చుంటుంది. పదో తరగతి కాగానే తీసుకుంటారు. ఇంటర్మీడియట్‌తో సమానమైన పీయూసీ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, ఆరేళ్ళూ హాస్టల్లోనే. కార్పొరేటు ఇంటర్ ఫీజు, ఆ పైన ఎంసెట్ కోచింగు అనే రెండు ఖర్చులు లేకుండా బీడీలు చుట్టే తల్లి బిడ్డ ఇంజనీరయ్యే దారి మా వైపు దాదాపుగా అదొక్కటే.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఈ చదువు మొదలైంది. తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా పల్లెటూరు కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. పల్లె పిల్లల కోసం పెట్టిన చదువు కనుక ప్రవేశాల్లో ఒక నియమం పెట్టారు. హాస్టల్ లేని మామూలు ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లలకు వాళ్ళ గ్రేడు సగటు మీద 0.4 కలిపేవారు. కాగితాల్లో దాని పేరు డిప్రివేషన్ స్కోరు. మా పిల్లలకు మాత్రం అది పాయింట్ ఫోర్.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ 0.4ను దయతో వేసే మార్కు అనుకునేవాళ్ళతో నేను ఎప్పుడూ వాదనకు దిగుతాను. నా క్లాసులో ఆడపిల్లల్లో సగంమంది బడి వదలగానే ఇంటికెళ్ళి తల్లి పక్కన చాట ముందేసుకుని కూర్చుంటారు. తడిపిన తునికాకు కత్తిరించడం, చుట్టిన బీడీకి మూతి మలచడం, దారం కట్టడం. కట్టలు లెక్కకు సరిపోయాకే పుస్తకం తెరుస్తారు. అదే సమయానికి పట్నం హాస్టల్లోని పిల్లవాడు మూడో స్టడీ అవరులో ఉంటాడు. ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం. ఆ రెండు సాయంత్రాల మధ్య ఉన్న తేడాకు ఎవరో ఒకరు ఒక అంకె కట్టారు. అది 0.4. నన్నడిగితే చాలా తక్కువే కట్టారు.

గ్రేడుల లెక్క కూడా చెప్పాలి. ఆ ఏళ్ళలో పదో తరగతి మెమో మీద మార్కులు ఉండేవి కావు. లెక్కల్లో 91 వచ్చినా 100 వచ్చినా ఒకటే గ్రేడు, 10 పాయింట్లు. ఆరు సబ్జెక్టుల పాయింట్లు కలిపి ఆరుతో భాగిస్తే జీపీఏ. అన్నింటా పై గ్రేడు వస్తే 10. ఒక్క సబ్జెక్టులో ఒక మెట్టు దిగితే 9.8. రెండింటిలో దిగితే 9.7. మా బడి పిల్లవాడి 9.7కు 0.4 కలిస్తే 10.1 అయ్యేది. ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్న పిల్లవాడు 10 దగ్గరే ఆగేవాడు. పైగా పదికి పది వాళ్ళు రాష్ట్రమంతా కుప్పలు. వాళ్ళలో ఎవరు ముందో తేల్చడానికి లెక్కల గ్రేడు చూసేవారు, తర్వాత సైన్సు, తర్వాత మిగతావి. అన్నీ ఒకటే కదా, కాబట్టి చివరకు పుట్టిన తేదీ చూసేవారు. పెద్దవాళ్ళు ముందు.

2018లో తొమ్మిదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. నా సర్వీసులో అంత శ్రద్ధగా లెక్క చేసిన పిల్ల మరొకరు గుర్తురారు. ఒక బహుపదిని కారణాంకాలుగా విడదీసి ఊరుకునేది కాదు. ఆ కారణాంకాలను మళ్ళీ గుణించి, మొదటి బహుపది వచ్చిందో లేదో చూసుకుని, ఆ సరిచూసుకున్నది కూడా నోట్సులో పక్కన రాసేది. నేను బోర్డు మీద గుర్తు తప్పు వేస్తే, క్లాసు ముందు చెప్పకుండా, బోర్డు తుడిచే వంకతో వచ్చి మెల్లగా చెప్పేది. ఈ పిల్ల బాసర పోతుందని నాకు ఎనిమిదో తరగతిలోనే తెలుసు. పదికి పది తెస్తుంది, దానికి 0.4 కలిస్తే 10.4. దాని పైన ఇక అంకె లేదు.

వేసవి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పట్నం ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు పల్లెలు తిరుగుతారు. ఒక్కొక్కరికి ఇన్ని అడ్మిషన్లు అని టార్గెట్ ఉంటుంది. అది నిండకపోతే సెలవుల జీతం రాదని వాళ్ళే చెబుతుంటారు. ఎండలో బండి మీద, భుజాన పాంప్లెట్ల సంచీతో ఇల్లిల్లూ తిరిగే ఆ మనుషుల మీద నాకు కోపం లేదు. వాళ్ళూ బతకాలి. కానీ వాళ్ళు మొదట అడిగేది తొమ్మిది పాసైన పిల్లల్లో బాగా చదివేది ఎవరని. పాఠం మనం చెప్పాలి, ఫలితం వాళ్ళ ఫ్లెక్సీ మీద పడాలి.

అలా ఒకాయన ఈ పిల్ల ఇంటికి వచ్చాడని తెలిసి నేనూ వెళ్ళాను. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా, నెమ్మదైన మాట. తమ బడిలో హిందీ చెబుతానన్నాడు. తండ్రి మంచం మీద, తల్లి గడప దగ్గర చాట ముందు, పిల్ల తలుపు చాటున.

‘‘అన్నా, బిడ్డను కదిలించకు’’ అన్నాను తండ్రితో. ‘‘ఇక్కడే ఉంటే పాయింట్ ఫోర్ కలుస్తది. అక్కడ పదికి పది తెచ్చుకున్నా కలవదు.’’

గోడ మీద బొగ్గుముక్కతో లెక్క వేసి చూపించాను. 9.7, దాని కింద 0.4, గీత, 10.1. తండ్రి లేచి వచ్చి దగ్గరగా చూశాడు. చదువు ఐదు దాటలేదు కానీ ధాన్యం కాంటా దగ్గర ఎవరూ మోసం చేయలేని మనిషి. లెక్క అతనికి అర్థమైంది. ఆ ముఖంలో చూశాను.

అప్పుడు హిందీ సారు లేచాడు. నన్ను కాదనలేదు. చాలా మర్యాదగా అన్నాడు.

‘‘సారు చెప్పింది నిజమే. కానీ అది నిరుటిదాకా. ఈ యేడు ఆ పాయింట్ ఫోర్ ఎత్తేస్తున్నరు. హైదరాబాద్‌ల ఫైలు కదులుతున్నది. మా మేనేజ్‌మెంటుకు పక్కా తెలుసు. ఎత్తేసినంక సర్కారు బడిల 9.7 అంటే 9.7నే. మా దగ్గర పదికి పది గ్యారంటీ. మీ బిడ్డ నా బిడ్డ అసొంటిది, నేను తప్పు చెప్తనా?’’

అటువంటి ఫైలు సంగతి నేనెక్కడా వినలేదని గట్టిగా చెప్పాను. తండ్రి నా వైపు, ఆయన వైపు చూశాడు. ఒకరు జీతం తీసుకుంటూ పిల్లను తమ బడిలోనే ఉంచుకోవాలని చూసే సారు. మరొకరు ఫీజులో తగ్గింపు ఇస్తానంటున్న సారు. పట్నం సంగతులు పట్నం మనిషికే ఎక్కువ తెలుస్తాయని పల్లెలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం ముందు నా బొగ్గు లెక్క నిలబడలేదు.

‘‘సార్, మీరు చెప్పేది సమజయితున్నది’’ అన్నాడు తండ్రి. ‘‘కానీ రూల్ తీసేస్తే పిల్ల ఆగమైతది గదా. పైసలు పోతే మళ్ళ సంపాదిస్త. యేడు పోతే యాడికెల్లి తెస్త?’’

పాడి బర్రె ఒకటి ఉండేది. దాన్ని అమ్మి మొదటి కంతు కట్టాడు.

జూన్‌లో టీసీ కోసం వచ్చినప్పుడు ఆ అమ్మాయి తన లెక్కల నోట్సు నా బల్ల మీద పెట్టింది. ‘‘కొత్తోళ్ళకు పనికొస్తది సార్’’ అంది. అప్పటికే కొత్తవాళ్ళు చేరుతున్నారు. ప్రతి ఏడూ మా దగ్గర ఇది రెండు వైపులా నడిచే దారి. మా మంచి పిల్లలు పదో తరగతికి పట్నం పోతారు. పట్నంలో ఫీజు కట్టలేనివాళ్ళు, పాయింట్ ఫోర్ సంగతి తెలిసినవాళ్ళు తమ పిల్లలను మా బడికి తెస్తారు. ఆ జూన్‌లో ముగ్గురు వచ్చారు. ఒకరి తండ్రి దుబాయిలో పని పోయి తిరిగి వచ్చాడు. ఇంకొకరిది పక్క ఊరు. మూడోవాడిని వాళ్ళ అమ్మమ్మ తెచ్చింది. ‘‘బిడ్డ కొడుకు సారూ. నా దగ్గర్నే ఉంటడు. వీని నాయినది ఊర్లు తిరిగే కొలువు, ఇంటి పట్టున ఉండడు’’ అని ఫారం మీద వేలిముద్ర వేసింది. ఆ పిల్లవాడు నెమ్మది, మంచి నడవడిక. లెక్కల్లో వెనకబడి ఉంటే ఆ అమ్మాయి నోట్సు చేతికిచ్చాను. రోజూ దానిలోంచి రెండు లెక్కలు చేసి, ఆమె లాగే పక్కన సరిచూసి తెచ్చేవాడు. వాడు కష్టపడ్డాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

దసరాకు ఆ అమ్మాయి ఊరికి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయింది. ఉదయం ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లేనట. ‘‘సార్, లెక్క ఎందుకు వచ్చిందో అడిగితే టైం వేస్ట్ అంటున్నరు. ఇంపార్టెంట్లు చేయిస్తున్నరు’’ అంది. అంతకుమించి ఫిర్యాదు చేయలేదు. ఇంటికి తిరిగి వచ్చేస్తానని కూడా అనలేదు. బర్రె లేని కొట్టం ఆ పిల్ల కళ్ళ ముందే ఉంది.

చివరి కంతు పసుపు అమ్మి కట్టాలన్నది తండ్రి లెక్క. ఆ ఏడు పసుపు ఏమైందో మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఫిబ్రవరిలో ఆర్మూరులో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం హైవే మీద కూర్చున్నారు. ఏప్రిల్‌లో నిజామాబాద్ పార్లమెంటు స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు. వాళ్ళలో ఎక్కువమంది రైతులే. ఈ తండ్రి నామినేషన్ వేయలేదు. యార్డులో వచ్చిన ధరకు పసుపు ఇచ్చేసి, చాలనిది వడ్డీకి తెచ్చి, మార్చిలో పరీక్షల ముందు హాల్‌టికెట్ విడిపించుకున్నాడు.

మేలో ఫలితాలు వచ్చాయి. పిల్లకు పదికి పది. బస్టాండు ముందు ఆ బడి ఫ్లెక్సీ కట్టింది. వరుసగా ఫోటోలు, ఒక్కో ఫోటో కింద 10/10. రెండో వరుసలో ఈ అమ్మాయి. తండ్రి అది చూడడానికి పనిగట్టుకుని పట్నం వెళ్ళి, ఫోనులో ఫోటో తీసుకుని వచ్చి నాకు చూపించాడు. నేను మనసారా సంతోషించాను. పిల్ల తెచ్చుకున్న అంకె అది, ఎవరి బడిలో తెచ్చుకుంటేనేం.

మా బడిలో ఆ ఏడు పదికి పది ఎవరికీ రాలేదు. ఎప్పుడూ ఈ పిల్ల తర్వాత నిలిచే అమ్మాయికి 9.8. అమ్మమ్మ దగ్గర ఉన్న పిల్లవాడికి 9.7. పిల్లలను మీసేవకు తీసుకెళ్ళి దరఖాస్తులు దగ్గరుండి వేయించాను. కులం కాగితం, ఆదాయం కాగితం, స్టడీ సర్టిఫికెట్లు, ఫోటో, సంతకం, ఏది మసకగా స్కాన్ అయినా మళ్ళీ చేయించాను. ప్రవేశాల్లో పిల్లలు ఓడేది తెలివి తక్కువై కాదు, చాలాసార్లు ఒక కాగితం తక్కువై. నోటిఫికేషన్ అక్షరం అక్షరం చదివాను. 0.4 ఎక్కడికీ పోలేదు. నిరుడు ఎలా ఉందో అలాగే ఉంది.

జాబితా వచ్చిన రోజు సాయంత్రం తండ్రీ కూతుళ్ళు మా ఇంటికి వచ్చారు. జాబితాలో మా బడి పిల్లలిద్దరూ ఉన్నారు. పదికి పది తెచ్చుకున్న పిల్ల లేదు. ప్రైవేటు పదుల్లో సీటు వచ్చినవాళ్ళు ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు. బడిలో వేసేటప్పుడు అసలు పుట్టిన తేదీయే రాయించిన తండ్రి ఈయన.

‘‘సార్, 10 కంటే 9.7 ఎట్ల ఎక్కువైతది?’’ అని అడిగాడు. అడిగి, నేను జవాబు చెప్పేలోగా తనే అన్నాడు. ‘‘మీరు మా గోడ మీద రాసిన లెక్కనే గదా. ఇంకా చెరిగిపోలేదు సార్ అది.’’

కూతురు మెమో జిరాక్సు వెనకవైపు పెన్సిలుతో ఏదో రాసుకుని మడిచేసింది. అడిగితే ఇచ్చింది. 10, దాని కింద 0.4, గీత, 10.4. పక్కన ఎప్పటిలాగే సరిచూసుకుంది.

‘‘మళ్ళ మీ బడిలనే పది చదివిస్త సార్. వచ్చే యేడుకు పాయింట్ ఫోర్ కలుస్తదా?’’ అన్నాడు తండ్రి.

కలవదు. ఆ ఏడే, మొదటి ప్రయత్నంలోనే పది పాసైన పిల్లలకే బాసర. పాసైన తరగతి మళ్ళీ రాయనివ్వరు కూడా. ఆ మాట అతనికి చెప్పాల్సి వచ్చింది నాకు. నా ఉద్యోగంలో అంత బరువైన మాట ఇంకొకటి పలకలేదు. ఆయన అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. ‘‘గా హిందీ సారు గూడ మంచి మనిషే సార్. ఆయనకు ఎవలో తప్పు చెప్పి ఉంటరు’’ అన్నాడు. మండల కేంద్రంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేర్పిద్దామన్నాను. మరునాడే వెళ్ళి చేర్పించాం. అక్కడి లెక్కల లెక్చరర్ నా స్నేహితుడు, పిల్ల సంగతి అంతా చెప్పి వచ్చాను.

ఆ వారంలోనే బాసర కౌన్సెలింగు. మా ఇద్దరు పిల్లలు సర్టిఫికెట్ల కోసం బడికి వచ్చారు. హెడ్మాస్టరు మీటింగుకు వెళ్తూ ఆ పని నాకు అప్పగించారు. 9.8 అమ్మాయి తల్లితో వచ్చి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం పిల్లవాడు గుమ్మంలో నిలబడి, ‘‘సార్, మా నాయిన వచ్చిండు’’ అన్నాడు. ఏడాది పొడుగునా పేరెంట్స్ మీటింగులకు అమ్మమ్మే వచ్చేది. ఆ తండ్రిని నేను చూడడం అదే మొదలనుకున్నాను.

హెల్మెట్ తీసి లోపలికి వచ్చిన మనిషి చొక్కా ఇస్త్రీ చెదరలేదు. భుజాన పాంప్లెట్ల సంచీ ఉంది.

‘‘బాగున్నరా సార్?’’ అన్నాడు, నెమ్మదిగా, మర్యాదగా. నన్ను గుర్తుపట్టాడు. ‘‘ఎల్లుండే కౌన్సెలింగ్. స్టడీ సర్టిఫికెట్ జర జల్ది ఇప్పియ్యాలె.’’

రిజిస్టరు తీసి, చూసి రాశాను. ముద్ర వేసి ఇచ్చాను. ఆయన వెంటనే మడవలేదు. వేలు పెట్టి లైను లైను చదివాడు.

‘‘సార్, ఇండ్ల నాన్ రెసిడెన్షియల్ అని రాయలేదు. అది లేకుంటే పాయింట్ ఫోర్ కాడ అడ్డం పెడతరు. జర రాయుండ్రి.’’

రాశాను. ఇచ్చేముందు అడిగాను.

‘‘ఆ పాయింట్ ఫోర్ ఎత్తేస్తున్నారని ఆ వాకిట్లో నిలబడి చెప్పారు మీరు. ఆ వచ్చే నెలే మీవాణ్ణి ఇక్కడ చేర్పించారు.’’

సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టి, కవరు సంచీలో పెట్టి, కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

‘‘అది అడ్మిషన్లకు చెప్పే మాట సార్. సొంత పిల్లగానికి చెప్తమా?’’